ఇంటి చుట్టూ కుంగిన గచ్చు – పెద్దల కాళ్లకు ఉరి



కొత్త ఇల్లు కట్టినవాడు డాబాకు పిట్టగోడ కట్టాలనీ, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివాని మీదే ఉంటుందనీ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెబుతోంది. మనం డాబా మీద పిట్టగోడ కడుతున్నాం గాని, గుమ్మం ముందు కుంగిన గచ్చును పట్టించుకోవడం లేదు. తుంటి ఎముక విరిగిన పెద్దవారిని "ఎక్కడ పడ్డారమ్మా?" అని అడిగితే, చాలాసార్లు వినే మాట "మా దొడ్లోనే నాయనా" అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ.

గచ్చు ఎందుకు కుంగుతుంది?

గోదావరి డెల్టాలో చాలాచోట్ల ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంచించుకుపోతుంది. పైనున్న గచ్చు దానితోపాటు లేచి దిగుతుంది. పునాది తవ్వినప్పుడు పక్కన పూడ్చిన మట్టిని దిమ్మిస చేయకపోతే అది మెల్లగా కూర్చుంటుంది. చూరు నీళ్లు ఒకేచోట పడినా, కుళాయి పైపు కారినా, పందికొక్కులు బొరియలు చేసినా అడుగున డొల్ల ఏర్పడుతుంది. 1986, 2022 సంవత్సరాల వంటి వరదలు వచ్చినప్పుడు నీరు తీసేశాక కూడా మట్టి దిగుతూనే ఉంటుంది.

నష్టం పడిపోవడంతో ఆగదు. గుంటలో వారం, పది రోజులు నీరు నిలిస్తే దోమ గుడ్డు దోమగా ఎగురుతుంది. మంచినీళ్లలో డెంగ్యూ దోమ, మురుగులో బోదకాలు దోమ పెరుగుతాయి. బోరింగు చుట్టూ చప్టా పగిలితే మురికినీరు తిరిగి బోరులోకి దిగి టైఫాయిడ్, కామెర్లు తెస్తుంది.

బాగుచేసే విధానం

ముందు కారణం తీసేయాలి. కారే పైపు మార్చండి, బొరియలు మూయండి, చూరు నీటికి దారి చూపండి. తర్వాత గచ్చును కర్రతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే పైన సిమెంటు పూసి లాభం లేదు. పలచటి పూత కొద్దినాళ్లకే పెచ్చులు లేస్తుంది. ఆ భాగాన్ని పగలగొట్టి తీసివేయాలి. నల్లమట్టితో పూడ్చవద్దు. గ్రావెల్ గాని ఇసుక గాని ఆరేసి అంగుళాల వరుసలుగా పోసి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించండి. దానిపై ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర కలిపి నాలుగు అంగుళాల మందాన వేయాలి. ఇంటి గోడ నుండి బయటకు అడుగుకు పావు అంగుళం వాటం ఉండాలి. కనీసం ఏడు రోజులు గోనెపట్టాలు కప్పి తడపాలి.

గచ్చు గట్టిగా ఉండి ఒక అంచు మాత్రమే లేచి ఉంటే, దానిని చెక్కించి వాలుగా చేయిస్తే చాలు. పని జరిగేవరకు ఆ అంచుకు తెల్లరంగు పూయండి, రాత్రి దీపం ఉంచండి.

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. మేస్త్రీకీ కూలీలకూ గ్లౌజులు, బూట్లు ఇవ్వండి. కంట్లో పడితే 20 నిమిషాలు ధారగా మంచినీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఎవరైనా పడితే

లేపి నడిపించే ప్రయత్నం చేయకండి. కాలు పొట్టిగా కనబడినా, పాదం బయటకు తిరిగినా తుంటి విరిగిందని అనుమానించాలి. మర్దనాలు, పసరుకట్లు వద్దు. కాలు కదలకుండా పడుకోబెట్టి తీసుకురండి. ఆలస్యమై మంచాన పడితే పుండ్లు, నిమోనియా వస్తాయి. త్వరగా ఆపరేషన్ జరిగితే చాలామంది మళ్లీ నడుస్తారు.

ఈ శనివారం ఒక బకెట్ నీళ్లు పోసి మీ ఇంటి చుట్టూ ఎక్కడ నిలుస్తాయో చూడండి. సంఘ యవనస్థులారా, ఒంటరిగా ఉన్న విధవరాండ్ర ఇళ్లు కూడా చూసి రండి. ఒకటి రెండు బస్తాల సిమెంటు, ఒక పూట శ్రమ ఒక తల్లి నడకను కాపాడగలవు. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.