విశాఖ సాగరతీరము

తూర్పు కనుమలు కడలికి చేరువగా వచ్చి నిలిచిన తావున వెలసిన విశాఖపట్టణమున, ధనికుడనక దరిద్రుడనక, ఊరివాడనక పొరుగూరివాడనక, సర్వజనులును రుసుము లేక సమానముగా అనుభవింపదగిన సంపద యొకటి కలదు. అదియే రామకృష్ణ బీచి. చెంతనే రామకృష్ణ మిషన్ ఆశ్రమము ఉండుటచే దీనికీ పేరు కలిగెను.

ఇది తూర్పు తీరము గావున ఇచట సూర్యుడు సముద్రమునుండియే ఉదయించును. వేకువను బీచ్ రోడ్డుపై వాహనములను నిలిపివేయుదురు గనుక వృద్ధులును బాలురును నిర్భయముగా నడతురు. సాయంకాలమైనచో మొక్కజొన్న పొత్తులు కాల్చువారును, మురీ మిక్చరు కలుపువారును, పిడతకింద పప్పు అమ్మువారును వెలుగు దీపముల నడుమ బారులు తీరుదురు. దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ కొండయు, ఉత్తరమున కైలాసగిరియు ఈ దృశ్యమునకు ఎల్లలు.

అయినను కేవలము చల్లగాలికై వచ్చి మరలిపోవువారు ఈ తీరమును సగమే చూచినవారు. 1969లో నౌకాదళమున చేరి, 1971 యుద్ధమున సేవచేసి, 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామి మరుసటి సంవత్సరమునుండి ఇచటనే ఒడ్డుపై ప్రదర్శనశాలయై నిలిచియున్నది. సుమారు 91 మీటర్ల పొడవుగల దాని గర్భమున, ఒకరి ప్రక్క నొకరు ఒదిగి నడువవలసిన ఇరుకు త్రోవలో, టార్పెడోల నడుమ నావికులు నిద్రించిన పడకలను చూచినవారికి దేశరక్షణ యెంతటి తపస్సో తెలియగలదు. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరులో ఈ రేవు సమీపముననే మునిగిపోయెను. ఆ యుద్ధవిజయమునకు గుర్తుగా కట్టిన స్మారకమును ఈ తీరముననే కలదు. 2017లో టీయూ-142 విమానమును సైతము ఇచట ప్రదర్శనకు ఉంచిరి. కొంత దూరమున పెద జాలరిపేట గంగపుత్రులు నేటికిని సముద్రమునే నమ్ముకొని జీవించుచున్నారు.

ఈ ఇసుక శాశ్వతమని తలపరాదు. నైరృతి ఋతుపవనకాలమున అలలు తీరమును వాలుగా తాకుటచే ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు కదలుచుండును. ఓడరేవు రక్షణకై కట్టిన అడ్డుకట్టలు ఆ ప్రవాహమును నిరోధించుటచే, ఇచటి ఒడ్డు కోసుకొనిపోవుచుండగా, డ్రెడ్జర్లు తోడిన ఇసుకను తెచ్చి నింపవలసి వచ్చుచున్నది. 2014 అక్టోబరు 12న వీచిన హుద్‌హుద్ తుపాను ఈ తీరము నెంత గాసిపెట్టెనో నగరవాసు లెరుగుదురు.

సముద్రపు సొగసును చూచి దాని బలమును మరువరాదు. ఇచట ఒడ్డునుండి లోనికి లాగుకొనిపోవు ప్రవాహములకు చిక్కి, ఈత నేర్చినవారును ప్రాణములు గోల్పోయిరి. అట్టి ప్రవాహమున చిక్కినవాడు ఒడ్డునకై ఎదురీది అలసిపోక, ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది బయటపడుట మేలు. అంతకంటెను మేలు, మోకాటిలోతు దాటకుండుట. కావున పాఠకులారా! పిల్లలను తప్పక ఈ తీరమునకు కొనిపొండు, జలాంతర్గామిని చూపుడు, అలలయందు వారి చేయి విడువకుడు, తిన్న పొట్లపు కాగితమునైనను ఇసుకపై విడువకుడు.