ప్లాస్మాను వడగట్టి కీళ్లవాతానికి వైద్యం

రుమటాయిడ్ కీళ్లవాతంలో ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడుతుంది. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి గ్లాసు పట్టు చిక్కదు; ఆ బిగుపు వదలడానికి గంట దాటుతుంది. చాలామంది రోగుల రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీ కనిపిస్తుంది. అది ఉండేది ప్లాస్మాలో, అంటే కణాలను వేరుచేస్తే మిగిలే లేత పసుపు ద్రవంలో. దాన్ని తీసేస్తే జబ్బు తగ్గదా అని వైద్యులు ఆలోచించారు.

మొదట ప్లాస్మానే తీసేసి, బదులు వేరే ద్రవం ఎక్కించి చూశారు. ఏది అసలు చికిత్సో, ఏది ఉత్తుత్తిదో రోగికి తెలియకుండా జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 1983లో వచ్చాయి. ల్యాబ్ రిపోర్టులు మెరుగుపడ్డాయి, కీళ్లు మాత్రం కుదుటపడలేదు. రోగికి కావాల్సింది రిపోర్టు కాదు, ముడుచుకునే వేళ్లు.

తర్వాత వచ్చింది ప్రొసోర్బా కాలమ్. సిలికా రేణువులు నింపిన గొట్టం అది. ఆ రేణువులకు స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రోటీన్-ఎ 200 మిల్లీగ్రాములు అంటించి ఉంటుంది. యాంటీబాడీల బారి నుంచి తప్పించుకోవడానికి ఆ క్రిమి వాడే ఆయుధమే ఈ ప్రోటీన్. యాంటీబాడీని తోకవైపు పట్టేస్తుంది. ఒక చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో ప్లాస్మాను విడదీసి, కాలమ్ గుండా పంపి, కణాలతో కలిపి రెండో చేతికి ఎక్కిస్తారు. సుమారు రెండు గంటల పని. ఇలా వారానికోసారి, 12 వారాలు.

మందులకు లొంగని రోగుల కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 1999లో అనుమతిచ్చింది. అనుమతికి ముందు ఈ కాలమ్‌పై జరిపిన పరీక్షలో అసలు చికిత్స పొందినవారిలో దాదాపు 32 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు కనిపించింది; ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో అది 11 శాతమే. మేలు నిజమే, కానీ వారాల తర్వాత గానీ తెలిసేది కాదు. చికిత్స అయిన ఒకటి రెండు రోజులు నొప్పులు ఎక్కువయ్యేవి, సూది గుచ్చడానికి రక్తనాళాలు దొరకడమూ కష్టమయ్యేది. పైగా కాలమ్ పట్టుకునే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నవాటిలో కొద్ది భాగమే. కాబట్టి ఇది కేవలం వడపోత కాదనీ, రక్షణ వ్యవస్థ నడతనే మారుస్తుందనీ నిపుణులు భావించారు.

ఈలోగా ఇంట్లోనే వేసుకోగల ఎటనర్‌సెప్ట్ ఇంజక్షన్ 1998లో వచ్చింది. వారానికి ఒక్కసారి వేసుకునే చవక మాత్ర మెథోట్రెక్సేట్ అప్పటికే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలు చేసిన పరిశోధన నుంచి వచ్చిన మందుల కుటుంబం దానిది. వీటి ముందు కాలమ్ నిలవలేదు. 2006లో తయారీ ఆగిపోయింది. ప్లాస్మా మార్పిడి మాత్రం గిలియన్-బారే, మయస్థీనియా గ్రేవిస్ వంటి నరాల, కండరాల జబ్బుల్లో నేటికీ వాడుకలో ఉంది.