త్రసరేణువు నుండి క్వెక్టో వరకు

ఉదయవేళ కిటికీ సందుగుండ ఇంటిలోనికి వచ్చిన ఎండలో నలుసులు తేలియాడుట చూడనివారుండరు. ఆ నలుసునే మన ప్రాచీనులు త్రసరేణువు అన్నారు. మనుస్మృతి తూనికలకు దానినే మొదటి మెట్టుగా గ్రహించినది. ఎనిమిది త్రసరేణువులు ఒక లిక్ష, అనగా ఈపి. మూడు లిక్షలు ఒక నల్ల ఆవగింజ. మూడు నల్ల ఆవాలు ఒక తెల్ల ఆవగింజ. ఆరు తెల్ల ఆవాలు ఒక యవ. ఊహ గొప్పదే. కాని మెట్టుమెట్టుకు లెక్క మారుచున్నది. పైగా ఆవగింజలన్నియు ఒకే తూకమున ఉండవు గదా!

మెట్రిక్ పద్ధతి ఈ చిక్కును విడదీసినది. 1795లో ఫ్రెంచివారు వేయవ వంతునకు లాటిను నుండి 'మిల్లి' అను ఉపసర్గను గైకొన్నారు. అటుపై క్రిందికి దిగిన ప్రతి మెట్టునను భాజకము వేయియే. మిల్లిలో వేయవ వంతు మైక్రో, అందులో వేయవ వంతు నానో, అందులో వేయవ వంతు పికో. గ్రీకు భాషలో మైక్రో అనగా చిన్నది, నానో అనగా మరుగుజ్జు. 1964లో చేరిన ఫెమ్టో, అట్టోలు డేనిష్ భాషలోని పదునైదు, పదునెనిమిది అను సంఖ్యల నుండి పుట్టినవి. దశాంశ బిందువు తరువాతి స్థానములకు అవి గుర్తులు. 1991లో జెప్టో, యోక్టోలు, 2022లో రోంటో, క్వెక్టోలు వచ్చినవి. క్వెక్టోది ముప్పదవ స్థానము. ఎలక్ట్రాను ద్రవ్యరాశి సుమారు 911 క్వెక్టోగ్రాములు!

విద్యార్థులు ఈ పేర్లను వల్లెవేసి, పరీక్ష ముగియగనే మరచుట కద్దు. 30 సెంటీమీటర్ల స్కేలును చేతికిచ్చి చెప్పినచో మరువరు. కాంతి ఒక నానోసెకనులో పోవు దూరము ఇంచుమించు ఆ స్కేలు పొడవే. ఫెమ్టోసెకనులో అది పోవునది 0.3 మైక్రోమీటరు. అట్టోసెకనులోనో, ఒక పరమాణువును దాటునంత మాత్రమే. అట్టి అట్టోసెకన్ల కాంతి స్పందనలను కల్పించు ప్రయోగ పద్ధతులకు 2023లో పియెర్ అగొస్తిని, ఫెరెన్స్ క్రౌజ్, ఆన్ లూయిలియే అను మువ్వురకు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. థైరాయిడ్ మాత్రల మోతాదు మైక్రోగ్రాములలో ఉండును. మైక్రోను మిల్లిగా చదివినచో మోతాదు వేయి రెట్లగును. మైక్రోకు గుర్తు గ్రీకు అక్షరమైన 'మ్యూ'. తొందరలో వ్రాసినచో అది మిల్లి గుర్తైన 'ఎమ్' వలె కనబడవచ్చును. అందుచేతనే మందుచీటీలో ఆ మాటను పూర్తిగా వ్రాయుట క్షేమము.

ఎండలోని నలుసును చూచుటకు కన్ను చాలును. ఒక చిన్న అక్షరము వెనుక వేయి రెట్ల తేడా దాగియున్నదని చూచుటకు చదువు కావలెను. ఆ చూపును తరగతి గదిలోనే అలవరచవలెను.