మూర తగ్గింది, మంచు లొంగింది

చెయ్యి నిటారుగా పైకెత్తాలి. పక్కన నిలబెట్టిన స్కీ కొన మణికట్టు దగ్గరికి రావాలి. అలా వస్తే అది మీ కొలతకు సరిపోయినట్టు. 1950ల్లో అమెరికాలో గానీ యూరప్‌లో గానీ స్కీలు కొనడానికి వెళ్లినవాళ్లకి చెప్పే లెక్క ఇదే. సగటు మగవాడికి అది రెండు మీటర్ల పైమాటే. మంచు మీద కాలు మోపడం ఇదే మొదటిసారైనా, ఇరవై ఏళ్లుగా జారుతున్నా కొలత మాత్రం మారదు. పొడుగు స్కీ మొనగాడి గుర్తు. పొట్టి స్కీ పిల్లలది.

ఒక్కసారి ఊహించుకోండి. రెండు కాళ్లకీ తలుపంత పొడుగు పలకలు బిగించి, మిమ్మల్ని ఏటవాలు మంచు మీద నిలబెట్టారు. ముందు కొనలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. వెనక కొనలు ఎక్కడున్నాయో కనపడదు. తిరుగుదామని పాదం మెలిపెడితే బూటు మూలుగుతుంది గానీ పలక కదలదు. అందుకే పాత బడుల్లో ముందు వేగం తగ్గించడం నేర్పేవారు. ముందు కొనలు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి, నాగలిలా మంచు దున్నుకుంటూ దిగాలి. దానికి పేరే స్నోప్లౌ. రెండు స్కీలూ జంటగా, పక్కపక్కనే తిరిగే మలుపు ఒంటబట్టేసరికి ఏళ్లు గడిచేవి. అంతదాకా ఓపిక పట్టలేక మానుకున్నవాళ్లకు లెక్కే లేదు.

మన ఊళ్లలో ఒకప్పుడు సైకిల్ షాపులో గంటకింతని చిన్న సైకిళ్లు అద్దెకిచ్చేవారు. కాళ్లు నేలకందే సైకిల్ మీద బ్యాలెన్సు కుదిరాక పెద్దది ఎక్కేవాళ్లం. చిన్న సైకిల్ దొరకని పిల్లలు నాన్న సైకిల్ ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కి, మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొచ్చేవాళ్లు. స్కీయింగ్ లోకమంతా నాన్న సైకిల్ మీదే నేర్చుకుంటున్న రోజుల్లో చిన్న సైకిల్ తెచ్చిన మనిషి క్లిఫ్ టేలర్.

టేలర్ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పర్వత దళం, 10వ మౌంటెన్ డివిజన్‌లో పనిచేశాడు. యుద్ధం ముగిశాక వెర్మాంట్ రాష్ట్రంలోని హాగ్‌బ్యాక్ కొండ మీద స్కీయింగ్ నేర్పాడు. కొత్తవాళ్ల కాళ్లకి రెండున్నర అడుగుల స్కీలు తగిలించి, స్నోప్లౌ జోలికే పోకుండా, మొదటి నుంచీ జంట మలుపే నేర్పాడు. పాదాలు ఎటు తిప్పితే స్కీలు అటు తిరగాలి, అంతే. 1961లో ‘ఇన్‌స్టంట్ స్కీయింగ్’ అని పుస్తకం కూడా వేశాడు.

ఇందులో మాయ లేదు, లెక్కుంది. కర్రను మధ్యలో పట్టుకుని గిరగిరా తిప్పి చూడండి. అదే లావున్న సగం కర్రను తిప్పి చూడండి. బరువు సగానికి తగ్గుతుంది, ఆ బరువు చేతికి దగ్గరగా కూడా వస్తుంది. రెండూ కలిసి, తిప్పడానికి ఎదురయ్యే మొరాయింపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మూరెడు తగ్గించినా కాలికి తెలిసేది అందుకే. పొట్టి పలక వేగం ఎక్కువైతే వణుకుతుంది, నిజమే. కానీ మొదటి రోజు కొండ ఎక్కినవాడికి వేగంతో పనేముంది?

1960ల నడిమధ్యలో స్కీ పత్రిక రచయిత మోర్టెన్ లండ్ ఈ పద్ధతిని భుజానికెత్తుకున్నాడు. వెర్మాంట్‌లోనే ఉన్న కిల్లింగ్‌టన్‌లో స్కీ బడి నడుపుతున్న కార్ల్ ఫైఫర్ దాన్ని పాఠంగా మలిచాడు. మొదట మూడడుగుల చిట్టి స్కీలు, కుదురుకున్నాక ఇంకాస్త పొడుగువి, ఆపైన ఐదడుగులవి. గ్రాడ్యుయేటెడ్ లెంగ్త్ మెథడ్, పొట్టిగా జీఎల్ఎమ్ అన్న పేరు అప్పుడు వచ్చిందే. కొన్నేళ్లలో అమెరికాలో ఎన్నో కొండల మీద అద్దె స్కీల వరసలు చిన్నవయ్యాయి. వారం సెలవు మీద వచ్చిన గుమాస్తా కూడా మలుపు నేర్చుకుని ఇంటికెళ్లాడు. నా దృష్టిలో టేలర్ చేసిన అసలు పని ఇదే. కొండ మీద పొడుగరుల పెత్తనాన్ని తగ్గించాడు.

కొలత కోసే ఆలోచన అంతకు చాలా ముందే పుట్టింది. ధ్రువ యాత్రికుడు నాన్సెన్ రాసిన గ్రీన్‌లాండ్ యాత్ర పుస్తకం చదివిన ఆస్ట్రియా వాసి మథియాస్ జ్డార్‌స్కీ నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నాడు. నార్వేలోని మెల్లని వాలులకు సరిపోయిన పొడుగు, తన ఊరు లిలియన్‌ఫెల్డ్ నిటారు వాలుల్లో అడ్డం వచ్చింది. కోసి పొట్టి చేశాడు, మడమ పక్కలకు జరగకుండా ఉక్కు బిగింపు పెట్టాడు, 1896లో తన పద్ధతిని పుస్తకంగా అచ్చు వేశాడు. ఆల్ప్స్ కొండల్లో ఆ తర్వాత ఫిర్న్‌గ్లైటర్లు కూడా వచ్చాయి. వసంతంలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే గరుకు మంచు మీద జారడానికి పనికొచ్చే, సంచిలో పట్టే చిన్న పలకలవి. కొండెక్కినవాళ్లు కిందికి దిగడానికి వాడుకున్న సాధనాలవి.

పొట్టి స్కీని జనం సరదా ఆటగా పట్టుకున్నది 1990ల్లో. ఆస్ట్రియా కంపెనీ క్నైజల్ ‘బిగ్‌ఫుట్’ అని 63 సెంటీమీటర్ల స్కీ తెచ్చింది. ముందు కొనకి అయిదు కాలివేళ్ల ఆకారం! చూసినవాళ్లు నవ్వారు, ఎక్కినవాళ్లు దిగలేదు. అదే దశాబ్దంలో జేసన్ లెవింతల్ అనే కుర్రాడు బఫెలో విశ్వవిద్యాలయంలో డిజైన్ చదువుతూ, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో అమ్మానాన్నల ఇంటి గ్యారేజీలో పొట్టి స్కీలు సొంతంగా తయారు చేశాడు. అప్పుడు కొండంతా ఒకే వెడల్పు పలక మీద జారే స్నోబోర్డు కుర్రాళ్లదే. వాళ్లు గాలిలో తిరుగుతున్నారు, వెనక్కి తిరిగి దిగుతున్నారు. స్కీ వెనక కొన చదునుగా ఉండటంతో వెనక్కి జారితే మంచులో గుచ్చుకుంటుంది. లెవింతల్ రెండు కొనలూ పైకి వంచాడు, స్నోబోర్డులా పలకను వెడల్పు చేశాడు. 1995లో లైన్ కంపెనీ మొదలైంది. లెవింతల్ చేసిన ఆ పలకే స్కీబోర్డ్. పొడవు మీటరుకు అటూఇటూ, చేతికర్రలు అక్కర్లేదు.

1998లో కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్‌లో జరిగిన సాహస క్రీడల సంబరం వింటర్ ఎక్స్ గేమ్స్‌లో స్కీబోర్డింగ్ పోటీ పెట్టారు. లైన్ పలకల మీద మైక్ నిక్ స్వర్ణం కొట్టాడు. సలోమన్ కంపెనీ స్నోబ్లేడ్ అని తనది దించాక, జనం పొట్టి స్కీలన్నిటినీ ఆ పేరుతోనే పిలిచారు.

దెబ్బ కూడా అక్కడే తగిలింది. పెద్ద స్కీలకు పడిపోగానే బూటును వదిలేసే బైండింగులు ఉంటాయి. తొలి స్కీబోర్డులకు ఎక్కువగా స్క్రూలతో బిగించిన, వదలని బైండింగులే. పలక పొట్టిది కదా, కాలు మెలిపడదులే అనుకున్నారు. మోకాలి గాయాలు నిజంగానే తగ్గాయి, కానీ బూటు పైఅంచు దగ్గర ముంగాలి ఎముక విరిగిన కేసులు డాక్టర్ల దగ్గరికి ఎక్కువగా వచ్చాయి. ఒక వస్తువు తేలిగ్గా ఉందని దాని జాగ్రత్తనూ తేలిక చేయడం నాకు బాధ కలిగించే సంగతి.

2000 తర్వాత ఎక్స్ గేమ్స్‌లో స్కీబోర్డింగ్ లేదు. ఈలోపు కెనడా స్కీయర్ మైక్ డగ్లస్, అతని మిత్రులు కలిసి రెండు కొనలూ వంగిన పొడుగు స్కీని సలోమన్ చేత చేయించారు. పేరు 1080. లైన్ కూడా అదే దారి పట్టింది. గాలిలో తిరగాలనుకున్న కుర్రాళ్లు పొట్టి పలకలు విప్పి వాటి మీదికెళ్లారు. ఇవాళ మంచు పార్కుల్లో కనిపించే స్కీలలో చాలావాటికి వెనక కొన పైకి వంగే ఉంటుంది.

పొడుగుకూ కాలం చెల్లింది. 1993లో ఎలాన్ కంపెనీ నడుము సన్నం చేసిన స్కీలు తెచ్చాక, మలుపు తిరగడానికి అంత పొడవు అక్కర్లేదని పోటీదారులూ ఒప్పుకున్నారు. ఒకప్పుడు రెండు మీటర్ల పలకల మీద స్లాలమ్ (గుంజల మధ్య మెలికలు తిరిగే పందెం) ఆడిన మగవాళ్లకి ప్రపంచ కప్‌లో ఇప్పుడు కనీస పొడవు 165 సెంటీమీటర్లు. ఆరడుగుల మనిషి పక్కన నిలబెడితే దాని కొన అతని పెదవుల దగ్గర ఆగుతుంది.