ఆర్కిడ్ పువ్వులు రాలిపోయాయా? మొక్కని పారేయకండి!

మన శ్రీకాకుళం, విజయనగరం సైడ్ చాలామందికి ఉన్న డౌట్ ఇది. “ఆర్కిడ్ కొన్నాం, పువ్వులు రాలిపోయాయి, మళ్ళీ పూయట్లేదు. మన ఎండకి ఇది బతకదేటి?” బతుకుతుంది. పూస్తుంది కూడా. కాకపోతే మనం దాన్ని మందార మొక్కలా చూస్తున్నాం, తేడా అక్కడే వస్తోంది.

ఆర్కిడ్ మనకి కొత్త మొక్క కాదు. వాండా టెస్సెల్లాటా అనే ఆర్కిడ్ మన తూర్పు కనుమల్లో చెట్ల మీద దానంతటదే పెరుగుతుంది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టర్, 1795లో వచ్చిన కోరమాండల్ తీరం మొక్కల పుస్తకంలో దీని గురించి రాశాడు. ‘వాండా’ అన్న పేరే సంస్కృతంలోని ‘వందాక’ నుంచి వచ్చింది.

చెట్టు మీద కనిపిస్తే మనోళ్ళు దీన్నీ బదనిక అనేస్తారు. కానీ మామిడి చెట్టుకి పట్టే అసలు బదనిక చెట్టు రసం పీల్చేస్తుంది. ఆర్కిడ్ పీల్చదు, కొమ్మ మీద కూర్చుంటుందంతే. వాన పడితే వేళ్ళు తడుస్తాయి, గాలికి ఆరిపోతాయి. ఈ తడి, ఆరుదల రెండూ మన ఇంట్లో కూడా దొరకాలి.

అందుకే మట్టి అస్సలు వద్దు. చిల్లులున్న కుండీలో బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు వేయండి. ఉద్దానం వైపు డొక్కకి కొదవేముంది! కాకపోతే రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, ఆ తర్వాతే వాడండి.

నీళ్ళు ఎప్పుడు పోయాలో వేళ్ళే చెప్తాయి. తెల్లగా, వెండి రంగులో ఉంటే ఆరినట్టు, పోయండి. పచ్చగా ఉంటే తడి ఉన్నట్టు, ఆగండి. గోధుమ రంగులో మెత్తగా నలిగిపోతే కుళ్ళినట్టు, కత్తిరించేయండి. సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి. ఆర్కిడ్‌కి ఉప్పు పడదు.

ఇక పువ్వుల సంగతి. ఇక్కడ రకం చాలా ముఖ్యం. షాపుల్లో వెడల్పాటి ఆకులతో, సీతాకోకచిలుకల్లాంటి పువ్వులతో కనిపించేది ఫెలనాప్సిస్. దీనికి పూకాడ రావాలంటే కొన్ని వారాలు చల్లదనం కావాలి. 28 డిగ్రీల పైన వేడి అలాగే ఉంటే కాడ వేయదు. మన దగ్గర డిసెంబర్, జనవరి రాత్రులే దానికి ఛాన్స్. అప్పుడు ఏసీ, హీటర్ లేని గదిలో కిటికీ పక్కన పెట్టండి. మే నెలలో పూయలేదని తిట్టుకోవద్దు.

మొదటిసారి కొనేవాళ్ళైతే డెండ్రోబియమ్ తీసుకోండి, వేడిని ఇష్టపడే హైబ్రిడ్ రకాలు. మన ఉక్కపోత వాటికి హాయి. ఆకులు రాలిన పాత కాడల్ని కోసేయకండి. వాటిలో నీళ్ళు, ఆహారం దాచుకుంటుంది, ఒక్కోసారి వాటి మీదే మళ్ళీ పూస్తుంది.

ఆకులు బాగున్నా పూయట్లేదంటే ఎక్కువసార్లు కారణం వెలుగు చాలకపోవడమే. ఆకు ముదురు ఆకుపచ్చగా ఉంటే ఇంకా వెలుగు కావాలి. లేత ఆకుపచ్చ అయితే సరిగ్గా ఉంది. పసుపు రంగుకి తిరిగి మచ్చలొస్తే ఎండ ఎక్కువైంది. పొద్దుటి ఎండ తగలనివ్వండి, మధ్యాహ్నం గ్రీన్ నెట్ కింద ఉంచండి.

ఎరువుకి యూరియా, డీఏపీ వద్దు. ఎరువుల షాపులో దొరికే 19:19:19 పొడిని లీటరు నీళ్ళకి అర గ్రాము నుంచి ఒక గ్రాము కలిపి, వారానికోసారి స్ప్రే చేస్తే చాలు. అక్టోబర్, నవంబర్‌లో తుఫాను హెచ్చరిక వస్తే వేలాడే కుండీలు ముందే లోపల పెట్టేయండి. 2018లో తిత్లీ గాలికి కొబ్బరి చెట్లే కూలిపోయాయి, కుండీ ఎంత!

ఒక్క మాట సీరియస్‌గా. ఏజెన్సీ కొండలకి ట్రిప్ వెళ్ళినప్పుడు చెట్టు మీది ఆర్కిడ్ పీక్కుని రావొద్దు. అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉండే సైటీస్ జాబితాల్లో ఆర్కిడ్ కుటుంబం మొత్తం ఉంది. పైగా పీకిన మొక్క వేళ్ళు విరిగి, ఇంటికొచ్చాక చాలాసార్లు చచ్చిపోతుంది. ఫొటో తీసుకోండి, మొక్కని నర్సరీలో కొనండి.

పువ్వులు రాలడం అంటే ఈ సీజన్ అయిపోయిందని, మొక్క అయిపోయిందని కాదు. ఇవాళే వెళ్ళి మీ కుండీలో వేళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!