చైన్ సా, తాడు, బెల్టు: చెట్టెక్కే ముందు ఈ మూడూ చెక్ చేశారా? మణుగూరు ఏరియా కోత కార్మికులు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే

వానాకాలం వచ్చిందంటే మణుగూరు, పినపాక, అశ్వాపురం, బూర్గంపాడు మండలాల్లో చెట్లు కోసేవాళ్లకు చేతినిండా పనే. రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లు, కరెంట్ తీగల మీద వాలిన కొమ్మలు, ఇంటి పక్కన ఎండిపోయిన మాకులు... అన్నీ వాళ్లే తీయాలి. దీనికి తోడు సారపాక ఐటీసీ పేపర్ మిల్లుకు వెళ్లే జామాయిల్, సుబాబుల్ కోతలు ఉండనే ఉన్నాయి. గొడ్డలి పోయి మిషన్ రావడంతో పని వేగం పెరిగింది. ప్రమాదం కూడా పెరిగింది. పూర్తి వేగంతో తిరిగే చైన్ సెకనుకు దాదాపు 20 మీటర్లు పరుగెడుతుంది. చెయ్యి వెనక్కి తీసుకునేంత టైమ్ ఉండదు. మరి మిషన్‌ను, తాడును ఎలా చూసుకోవాలి?

పదును తగ్గితేనే అసలు డేంజర్

పదును ఎక్కువుంటేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. నిజానికి మొద్దుబారిన చైనే ప్రమాదం. అది కొయ్యలోకి దిగదు కాబట్టి మనిషి బలంగా నొక్కుతాడు. పట్టు తప్పితే మిషన్ ఎగిరి మీదకొస్తుంది. పదును ఎలా ఉందో తెలుసుకోవడం తేలికే. కోసేటప్పుడు పెద్ద పెచ్చులు రాలితే చైన్ బాగున్నట్టు, పిండిలా పొట్టు రాలితే ఆకురాయి పట్టాల్సిన టైమ్ వచ్చినట్టు.

ఆకురాయి సైజు చైన్‌ను బట్టి మారుతుంది. చిన్న మిషన్లలో వాడే త్రీ బై ఎయిట్ లో-ప్రొఫైల్ చైన్‌కు 4 మిల్లీమీటర్లు, పాయింట్ త్రీ టూ ఫైవ్ చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి వాడతారు. ఎక్కువ చైన్లకు 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటకు మాత్రమే రాయాలి. ప్రతి పంటికీ అన్నే సార్లు రాయాలి. ఒక పక్క పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకర పోతుంది.

పెట్రోల్‌లో ఆయిల్ ఎంత?

టూ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి పెట్రోల్‌లోనే ఆయిల్ కలపాలి. చాలా కంపెనీలు తమ ఆయిల్‌తో 50:1 పాళ్లు చెబుతాయి. అంటే 5 లీటర్ల పెట్రోల్‌కు 100 మిల్లీలీటర్లు. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, రిపేర్ ఖర్చు తడిసి మోపెడవుతుంది. బార్ ఆయిల్ ట్యాంకులో బండి నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోయడం చాలాచోట్ల అలవాటు. అది సరిగా అంటుకోదు, అందులోని మడ్డి పంపును, బార్‌ను తినేస్తుంది.

బొగ్గు లారీలు తిరిగే రోడ్ల పక్కన దుమ్ము ఎక్కువ. అందుకే ఎయిర్ ఫిల్టర్‌ను ఏ రోజుకారోజు శుభ్రం చేయాలి. బార్ గాడిలో చేరిన పొట్టు తీసి, బార్‌ను అప్పుడప్పుడు తిరగేసి బిగించాలి. పని అయ్యాక చైన్ బిగువు సడలించాలి. వేడి మీద బిగించిన చైన్ చల్లారాక ముడుచుకుపోయి ఇంజిన్ బేరింగులను దెబ్బతీస్తుంది.

స్టార్ట్ చేసే ముందు రెండు పరీక్షలు తప్పనిసరి. ఒకటి, చైన్ బ్రేక్ పడుతోందా? రెండు, యాక్సిలరేటర్ వదిలేస్తే చైన్ ఆగుతోందా? ఆగకపోతే ఆ మిషన్‌తో పని పెట్టుకోవద్దు.

చెట్టెక్కితే ఒక్క తాడు చాలదు

పైన మిషన్ వాడేటప్పుడు కనీసం రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. ఒకటి మనిషి బరువు మోసే ప్రధాన తాడు, రెండోది నడుం దగ్గర చెట్టును చుట్టే లాన్‌యార్డ్. పొరపాటున చైన్ ఒకదాన్ని కోసినా రెండోది కాపాడుతుంది. లోపల స్టీల్ తీగ ఉన్న లాన్‌యార్డ్ అయితే తెగడం అంత తేలిక కాదు.. కానీ కరెంట్ తీగల దగ్గర అదే ముప్పు.

బజారులో బావికీ, పశువులకూ కొనే ప్లాస్టిక్ తాడు ప్రాణం మోయడానికి పనికిరాదు. ఎండకు పెళుసెక్కుతుంది, రాపిడి వేడికి కరుగుతుంది. ఫుల్ బాడీ హార్నెస్ కొనేటప్పుడు ఐఎస్ 3521, హెల్మెట్‌కు ఐఎస్ 2925 గుర్తు చూడాలి. రోజూ ఎక్కే ముందు తాడు మొత్తాన్ని చేతిలోంచి జార్చుతూ తడమాలి. ఎక్కడైనా మెత్తబడినా, గట్టిపడినా, పోగులు లేచినా పక్కన పెట్టేయాలి. పెట్రోల్ డబ్బా, బ్యాటరీ ఉన్న చోట తాడు ఉంచొద్దు. ఒకసారి మనిషి గట్టిగా పడి ఆగిన హార్నెస్‌ను మళ్లీ వాడొద్దు. ముళ్ల బూట్లు నరికేసే చెట్టుకే. బతికుండాల్సిన చెట్టుకు వాడితే ఆ గాయాల నుంచి తెగులు పడుతుంది.

గీత కార్మికుల విషయంలో ఈ దిశగా ఒక అడుగు పడింది. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 'కాటమయ్య రక్ష' కిట్ల పంపిణీని ప్రారంభించారు. తాటిచెట్టు మీద జారినా నేలమీద పడకుండా ఆపడమే వాటి పని. కోత కార్మికుడికి కావాల్సిందీ అదే, పైగా అతని చేతిలో మిషన్ కూడా ఉంటుంది.

పడిన చెట్టు కూడా ప్రమాదమే

2024 ఆగస్టు 31న పక్కనే ఉన్న ములుగు జిల్లా తాడ్వాయి-మేడారం అడవిలో పెనుగాలులకు వేల చెట్లు కూలాయి. అలా పడిన చెట్టు విల్లులా వంగి ఉంటుంది. లాగి పట్టిన వైపు ఒక్కసారిగా కోస్తే మాను చీలి మనిషిని కొడుతుంది. ముందు నొక్కుడు పడే వైపు కొద్దిగా గాటు పెట్టి, ఆ తర్వాతే రెండో వైపు నుంచి కోయాలి. బార్ కొన పైభాగం కొయ్యకు తగలనివ్వొద్దు. మిషన్ ఎగిరి మీదకొచ్చేది అక్కడి నుంచే.

కరెంట్ తీగ దగ్గర చెట్టయితే ముందు లైన్‌మన్‌తో ఎల్‌సీ తీసుకోవాలి. సప్లై ఆగిందని ఆయన చెప్పాకే ఎక్కాలి. 'ఇప్పుడు కరెంట్ పోయింది కదా' అనుకుని ఎక్కితే, అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

ఒంటరిగా వద్దు

కింద ఒకరు తప్పకుండా ఉండాలి. ఆ మనిషికి కూడా చెట్టెక్కడం, పైనున్నవాళ్లను దించడం రావాలి. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడే మనిషికి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, నిమిషాల్లోనే పరిస్థితి విషమిస్తుంది. అడవి అంచున 108 వచ్చేదాకా ఆగితే ఆలస్యం కావచ్చు. అందుకే రెండో తాడు, రక్తం ఆపే కట్టుగుడ్డ, ఫోన్ సిగ్నల్ దొరికే చోటు.. ఈ మూడూ పని మొదలుపెట్టకముందే సిద్ధంగా ఉండాలి.