పప్పు ఎందుకు ఉడకలేదు?

చదువు నిమిత్తమో ఉద్యోగ నిమిత్తమో ఇల్లు విడిచి పట్నము చేరిన యువకుడు తన చేతితో పొయ్యి వెలిగించిన మొదటి రోజున సాధారణముగా అన్నము, పప్పు వండబోతాడు. ఈ రెండూ వస్తే పస్తు ఉండనక్కరలేదని ఇంటివద్ద అందరూ చెప్పియే పంపుతారు. తీరా వండేసరికి అన్నము అడుగంటుతుంది. పప్పు గంటసేపు కాగినా పలుకు పలుకుగానే ఉంటుంది. అప్పుడు ఇంటికి ఫోను వెళుతుంది.

"అమ్మా, గంట నుంచీ మరుగుతోంది. పప్పు మెత్తబడటం లేదు."

"చింతపండు ముందే వేశావుట్రా?"

"అన్నీ ఒకేసారి వేశాను."

"అదే మరి. పప్పు మెదిగాక గదరా పులుసు పొయ్యాలి!"

తల్లి చెప్పినది అక్షరాలా నిజము. అది ఎందువల్ల నిజమో ఆమె చెప్పకపోవచ్చును. చేయి తిరిగినవారికి దానితో పనిలేదు. కొత్తగా నేర్చుకొనేవానికి మాత్రము పని ఉన్నది. ఏలనగా రేపు మరొక కారణముచేత పప్పు ఉడకకపోతే, ఈ ఒక్క సూత్రము అతనిని గట్టెక్కించదు.

కందిపప్పు బద్దను సూక్ష్మదర్శినిలో చూస్తే అసంఖ్యాకమైన కణములు ఇటుకలవలె పేర్చి ఉంటాయి. ప్రతి కణములోను పిండిపదార్థము, మాంసకృత్తులు నిండి ఉంటాయి. ఇటుకల నడుమ సున్నమువలె, ఈ కణముల నడుమ పెక్టిన్ అనే జిగురు పదార్థము ఉన్నది. పప్పు ఉడకడము అంటే ఈ జిగురు వేడినీటిలో కరగి, కణములు ఒకదానినుంచి మరొకటి విడిపోవడమే. ఆ తరువాత పప్పుగుత్తి ఒక్కమారు తిప్పితే చాలును. చింతపండులో టార్టారిక్ ఆమ్లము ఉన్నది. పులుపు తగిలిన నీటిలో పెక్టిన్ విడిపోవడము మందగిస్తుంది. అందుచేత పులుపు ముందుగా వేస్తే ఎంత మరిగినా బద్ద బద్దగానే నిలుస్తుంది. పుల్లని మామిడికాయ విషయము కూడా ఇంతే.

మరునాడు అతడు చింతపండు జోలికి పోకుండా వండాడు. అయినా పప్పు పూర్తిగా మెదగలేదు. ఈసారి తప్పు నీటిది. అతని గదికి వచ్చేది బోరు నీరు. భూగర్భమునుంచి వచ్చే నీటిలో తరచుగా కాల్షియం, మెగ్నీషియం లవణములు ఎక్కువగా కరగి ఉంటాయి. పాఠ్యపుస్తకములలో కఠినజలము అని చదివినది ఇదే. సబ్బు నురగ రాకపోవడము, గిన్నె అడుగున తెల్లని పొర పేరుకోవడము దీనికి గుర్తులు. కాల్షియం పెక్టిన్‌తో కలిసి దానిని కరగని పదార్థముగా బిగిస్తుంది. అటువంటి నీటిని ముందు మరగించి, చల్లార్చి, పైనున్న తేటను వంచుకొని వాడితే కాఠిన్యములో ఒక భాగము, అంటే బైకార్బనేట్లవల్ల కలిగినది, పోతుంది. ఫిల్టరు నీరు ఉంటే ఆ శ్రమ కూడా లేదు. పప్పును అరగంట నానబెట్టడము ఎలాగూ మంచిది. నీరు బద్ద నడిమికి చేరితే ఉడకడము సమముగా జరుగుతుంది. చాలాకాలము వేడిలో, తేమలో నిలువ ఉన్న పప్పు మాత్రము ఎన్ని చేసినా మొండికేస్తుంది.

చిటికెడు వంటసోడా వేస్తే పప్పు త్వరగా మెత్తబడుతుందని కొందరు సలహా ఇస్తారు. మెత్తబడే మాట నిజమే. అయితే క్షారగుణము గల నీటిలో విటమిన్ బి-1 ఉడుకుతూనే నశిస్తుంది. రోజూ పాటించదగిన ఉపాయము కాదది. ఉప్పును కూడా చివరనే వేయాలని మన ఇళ్ళలో గట్టి పట్టింపు ఉన్నది గాని, దానివల్ల పప్పు ఉడకకపోయేటంత నష్టము లేదు.

కొత్తవాడు చేసే ఇంకొక పొరపాటు మంటను పెంచడము. నీరు ఒకసారి తెర్లడము మొదలుపెట్టిన తరువాత ఎంత మంట పెట్టినా దాని ఉష్ణోగ్రత 100 సెంటిగ్రేడు డిగ్రీలు దాటదు. 1 లీటరు నీటిని 30 డిగ్రీలనుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలోకేలరీలు చాలును. అదే నీటిని పూర్తిగా ఆవిరిగా మార్చడానికి 540 కిలోకేలరీలు కావలెను. పెద్ద మంట ఆ ఆవిరిని పుట్టించడానికే ఖర్చవుతున్నది. పప్పుకు అందేది ఏమీ లేదు. ఉష్ణోగ్రత పెరగవలెనంటే పీడనము పెరగవలెను. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆవిరిని బంధించే పాత్రను నిర్మించినది ఈ సూత్రముమీదనే. నేటి కుక్కరులో నీరు సుమారు 120 డిగ్రీలవరకు వేడెక్కుతుంది. మొదటి కూత వచ్చిన తరువాత మంట తగ్గించినా లోపలి పీడనము నిలిచే ఉంటుంది. కూతలు లెక్కపెట్టడముకంటె నిమిషములు లెక్కపెట్టడము నయము, మంటను బట్టి కూతల వేగము మారుతుంది గనుక.

ఇక అన్నము. 1 గ్లాసు బియ్యానికి 2 గ్లాసుల నీరు అని విన్న యువకుడు, మిత్రులు వచ్చిన రోజున 4 గ్లాసుల బియ్యానికి 8 గ్లాసులు పోస్తాడు. అన్నము ముద్దవుతుంది. ఎసరులో కొంత బియ్యము పీల్చుకొంటుంది, కొంత ఆవిరిగా పోతుంది. పీల్చుకొనేది బియ్యముతోపాటు పెరుగుతుంది. ఆవిరిగా పోయేది గిన్నె వెడల్పును, ఉడికే సమయమును బట్టి ఉంటుంది గాని బియ్యము కొలతను బట్టి కాదు. కాబట్టి కొలత పెరిగినకొద్దీ నీటిని ఆ నిష్పత్తికంటె కొంచెము తగ్గించవలెను. కొత్త బియ్యానికి ఇంకా తగ్గించవలెను.

కొలత కుదరనివారు ఎక్కువ నీటిలో ఉడికించి గంజి వారుస్తారు. నీటిలో కరిగే బి-1 ఆ గంజితో కొట్టుకొనిపోతుంది. మర పట్టి తెల్లగా చేసిన బియ్యములో అది మిగిలేదే స్వల్పము. ఇది పుస్తకాలకే పరిమితమైన సంగతి కాదు. ఆంధ్రదేశములోని ఉత్తర సర్కారు జిల్లాలలో పూర్వము బెరిబెరి వ్యాధి విస్తారముగా ఉండేది. మర పట్టిన పచ్చిబియ్యమును పలుమార్లు కడిగి, ఉడికించి, గంజి పారబోయడము అందుకు ముఖ్యకారణము. అంతకుముందే, 1890 ప్రాంతములో, జావాలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లబియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడము, తవుడు పెట్టగానే కోలుకొనడము గమనించాడు. అతనికి 1929లో నోబెల్ బహుమానము లభించింది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకై ఒక గదిలో మొదలైన చిన్న శాఖయే 1958లో హైదరాబాదు చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. గంజి వార్చని అత్తెసరు అన్నములో ఈ నష్టము లేదు. బియ్యమును ఒకటి రెండుసార్లకంటె కడగనక్కరలేదు.

పోపు గురించి ఒక్క హెచ్చరిక చాలును. నూనె అంటుకొంటే నీళ్ళు పోయరాదు. నీరు నూనెకంటె బరువైనది. అడుగుకు పోయి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను చుట్టూ చిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూత పెట్టి గాలి అందకుండా చేయవలెను.

అన్నిటికంటె తక్కువగా తెలిసిన అపాయము మిగిలిన అన్నములో ఉన్నది. ఉదయము వండిన అన్నమును కుక్కరులోనే ఉంచి, సాయంకాలము వచ్చి వేడిచేసుకొని తినడము గదులలో నివసించేవారికి అలవాటు. బియ్యములో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి యొక్క సిద్ధబీజములు తరచుగా ఉంటాయి. అవి మరిగే నీటిలో కూడా చావవు. అన్నము గోరువెచ్చగా ఉన్నంతసేపు మొలకెత్తి, వృద్ధిచెంది, ఒక విషపదార్థమును విడుస్తాయి. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు పట్టుకొంటాయి. మళ్ళీ వేడిచేస్తే సరిపోతుందనుకొనడము పొరపాటు. ఆ విషము కుక్కరు వేడికి కూడా నశించదు. వాసన చూసి కనిపెట్టడము కూడా సాధ్యము కాదు.

చద్దన్నము తిని పెద్దలు బ్రతకలేదా అని అడగవచ్చును. మజ్జిగ పోసి ఊరబెట్టిన అన్నములో లాక్టిక్ ఆమ్లము పుట్టి, ఆ పులుపులో ఈ జీవి పెరుగుదల కుంటుపడుతుంది. పొడి అన్నమును మూతపెట్టి వదిలివేయడము వేరు సంగతి. మిగిలిన అన్నమును వెడల్పయిన పళ్ళెములో పలుచగా పరచి చల్లార్చి, గంట రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికి తినివేయవలెను. ఫ్రిజ్ లేని గదిలో, ముఖ్యముగా వేసవిలో, ఏ పూటకు కావలసిన బియ్యము ఆ పూటకే కొలుచుకొనవలెను. అత్తెసరుకు పట్టేది అరగంటే.